కౌజుపిట్టకు చెవులు

రాళ్లగుట్ట కింద, పాడుబడిన ఇటుకల బట్టీలో, విస్సన్న అనే నక్క సలహాల కంపెనీ పెట్టాడు. గూడు ఎక్కడ కట్టుకోవాలి, కలుగు ఎక్కడ తవ్వుకోవాలి అన్నది చెప్పడం దాని పని. పనివేళల్లో మాంసం ముట్టనని విస్సన్న అందరి ముందూ ఒట్టు వేశాడు కనుక పిట్టలు కూడా ధైర్యంగానే వచ్చేవి.

మొదట్లో ఉన్నది ముగ్గురే. మాట్లాడేది విస్సన్న. వెళ్లి చూసి వచ్చేది మాణిక్యం అనే ముంగిస. టేకాకుల మీద రాసిన రిపోర్టు మోసేది గవర్రాజు అనే గాడిద. రిపోర్టు గాడిద మీద వస్తే దానికి వచ్చే గౌరవమే వేరని విస్సన్న కనిపెట్టాడు.

మాణిక్యం ఒక్కో చోటుకు మూడు రోజులు తీసుకునేది. మట్టి వాసన చూసేది. వాననీళ్లు ఎటు పారతాయో చూసేది. అన్నీ చూశాకే రిపోర్టు చివరి ఆకు మీద తన పంజా ముద్ర వేసేది. పోయినేడు ఎవరో బాగుందంటే నమ్మి తనూ ఒక కలుగులో కాపురం పెట్టింది. వాన వచ్చింది. నలుగురు పిల్లల్లో ఇద్దరు మిగిలారు. ఆ సంగతి ఎక్కువ మాట్లాడదు.

ఈ వానాకాలానికి కంపెనీ పెరిగింది. రోజుకు అయిదుగురు వస్తున్నారు. రెండో ఆఫీసు పెడతానని విస్సన్న అందరితోనూ అంటున్నాడు. మూడు రోజులు కాస్తా మూడు గంటలయ్యాయి. గవర్రాజును రవాణా అధిపతిని చేశారు. మేత మాత్రం అంతే.

ఓ పొద్దున విస్సన్న మాణిక్యాన్ని పిలిచాడు.

"తిరపతమ్మగారని కౌజుపిట్ట. రేపో మాపో గుడ్లు పెడుతుంది. ఇవాళ మధ్యాహ్నమే రిపోర్టు అప్పగించాలి."

"ఆ చేనుగట్టు నేనింకా చూడనే లేదండీ."

"చూడ్డమెందుకు? చెవులపిల్లులకు ఇచ్చిన రిపోర్టుందిగా. చెవులపిల్లి అన్నచోటల్లా కౌజు అని మార్పించాను."

"అది వేరే గుట్ట కదండీ."

"అక్కడా పుట్ట ఉంది, ఇక్కడా పుట్ట ఉంది. అక్కడా పొద ఉంది, ఇక్కడా ఉంది. ఎదిగే కంపెనీ ప్రతిసారీ కొత్తగా మొదలుపెడుతూ కూర్చుంటుందా?"

"మరి దాని మీద నా పంజా ముద్ర వేయలేదే?"

"చివరి ఆకు పాతదే పెట్టాం. నీ ముద్ర అందులో ఉండనే ఉంది" అన్నాడు విస్సన్న సంతోషంగా.

మధ్యాహ్నం ముగ్గురూ చేనుగట్టుకు బయల్దేరారు.

దారిలో గవర్రాజు పలకరించాడు. "ఏం మాణిక్యమ్మా, ముఖం అలా ఉంది? నిన్ను కూడా అధిపతిని చేస్తారటగా."

"దేనికి?"

"నాణ్యతకు."

మాణిక్యం నడక వేగం పెంచింది.

"నువ్వేం బెంగపెట్టుకోకు. ఈసారి బరువు బాగా ఉంది. రిపోర్టు మంచిదే అయ్యుంటుంది."

చేనుగట్టు మీద జనం బాగానే చేరారు. పిలిపించింది విస్సన్నే. వాళ్లలో సగం మంది రేపటి క్లయింట్లు.

పొద ఇంకా పది అడుగులు ఉందనగానే మాణిక్యం ముక్కుపుటాలు ఎగరేసింది. పాము వాసన. పచ్చిగా ఉంది.

విస్సన్న గొంతు సవరించుకుని చదివాడు. "పుట్టకు తూర్పున, రేగుపొద కింద. నీడ ఉంది. శత్రుభయం లేదు. పొడవాటి చెవులు దాచుకోవడానికి అనువుగా ఉంది."

తిరపతమ్మ మెడ సాచింది. "మాకు చెవులెక్కడివి నాయనా?"

"ముందుచూపుతో రాశామమ్మా."

"అబ్బ, ఎంత ఆలోచించారో!" అని ఆవిడ పొంగిపోయింది.

మాణిక్యం ఉండబట్టలేక నోరు తెరిచింది. "అమ్మా, ఆ చోటు నేను చూడలేదు. అక్కడ పాము..."

విస్సన్న పెద్దగా నవ్వి అడ్డం వచ్చాడు. "మా మాణిక్యం అంతే. ఎంత పని చేసినా చేయలేదంటుంది. ముంగిస కదా, తాడును చూసినా పామంటుంది. ముద్ర ఎవరిదో మీరే చూడండి!"

అందరూ చూశారు. ముంగిసదే. అందరూ నవ్వారు. తిరపతమ్మ పొద వైపు నాలుగు అడుగులు వేసింది.

ఇక చెప్పి లాభం లేదు. మాణిక్యం గొంతు మార్చింది.

"అయ్యా, రెండో ఆఫీసు పెట్టాలన్నారు కదా. ఇంత మంచి చోటు మళ్లీ దొరుకుతుందా? తిరపతమ్మగారు ఓ మూల ఇస్తే చాలు. ముందు మీరు అందులో కాసేపు నడుం వాల్చారంటే ఆవిడ గుడ్లకూ శుభం."

తిరపతమ్మ ఆగింది. "అంతకంటేనా! రండి నాయనా, ఓ కునుకు తీసి లేవండి. ఆ తర్వాతే నేను కాలు పెడతా."

"రెండో ఆఫీసే!" అని జనంలో గుసగుసలు లేచాయి.

విస్సన్న పొద వైపు చూశాడు. లోపల ఏమీ కనపడలేదు. "నాకు... మధ్యాహ్నంపూట నిద్ర పట్టదు."

"అదేంటండీ, ఆఫీసులో రోజూ గురక పెడతారుగా" అన్నాడు గవర్రాజు, సాయం చేస్తున్నాననుకుని.

రేపటి క్లయింట్లు ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. విస్సన్నకు తప్పలేదు. ఒక అడుగు వేశాడు. ఒక దణ్ణం పెట్టుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. చివరికి వెనక్కి తిరిగి ముందుగా తోక లోపలికి పంపాడు.

బుస్సుమంది.

"ఎవర్రా అది?" నాగుపాము పడగెత్తింది. "నా ఇంట్లో నీ తోకేంటి?"

విస్సన్న ఎగిరి గవర్రాజు వీపు మీద పడ్డాడు. గవర్రాజు రిపోర్టు మీద పడ్డాడు. మాణిక్యం ఒక్క దూకులో తిరపతమ్మకు అడ్డంగా నిలబడింది. ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచాయి.

"నీతో నాకెందుకు" అని పాము పుట్టలోకి జారుకుంది.

తిరపతమ్మ మాణిక్యం చాటు నుంచి తల బయటపెట్టింది. "నిజంగానే చూడలేదా వదినా?"

"చూడలేదు. ముద్ర మాత్రం నాదే. పొద్దున్నే చెరిపేయాల్సింది, చెరపలేదు. రా, ఇప్పుడు చూద్దాం."

పొద్దుగూకేలోపు ఇద్దరూ గట్టు పొడవునా తిరిగారు. జొన్నచేను అంచున ఒక చోటు నచ్చింది. ముందు మాణిక్యం పడుకుని చూసింది. మర్నాడు అక్కడ మొదటి గుడ్డు పడింది.

విస్సన్న కంపెనీ మూతపడలేదు. కాకపోతే ఇప్పుడు ఎవరొచ్చినా ఒకటే అడుగుతున్నారు. "మీరు అక్కడ పడుకున్నారా?" నెల రోజులుగా విస్సన్న ముళ్లలో, బురదలో, ఒకసారి తేనెపట్టు కింద పడుకుంటూ తిరుగుతున్నాడు. ఒళ్లంతా వాచిపోయింది. పక్కన గవర్రాజు ఆకులు పట్టుకుని అడుగుతుంటాడు, "అయ్యగారూ, బాగుందని రాయమంటారా?"

తాను పడుకోలేని చోట ఇంకొకరికి పక్క వేయకూడదు.