ఎన్ని వాట్లది కొనాలి?

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు దావీదు మాస్టారుకు లేదు. చీరాల ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, ఆదివారం ఉదయాలు ఇంటి వరండాలో బల్ల వేసి, రేడియోలూ టేప్‌రికార్డర్లూ సొంతంగా బాగుచేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్లకు ఆ పని నేర్పుతుండేవారు. వాళ్లలో తాయారు ఒకరు. టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగం నుంచి ముందుగానే తప్పుకున్న మనిషి, యాభై దాటాయి.

ఒక ఆదివారం ఆమె అడిగింది: "మాస్టారూ, సీసంతో తీగలు అతకడానికి నాకంటూ ఒక సోల్డరింగ్ ఐరన్ కొనుక్కుంటాను. ఎన్ని వాట్లది మంచిది? బోర్డు కాలకుండా, మరీ వేడెక్కనిది చెప్పండి."

"దేనికి?"

"మా కరెంటు శ్రుతిపెట్టెకు. లోపల తీగ ఊడి పలకడం మానేసింది."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "నీకు నచ్చింది కొని, పని చేసి చూడు," అన్నారు అంతే.

తాయారూ, ఆమె అక్క చూడామణీ పద్దెనిమిదేళ్లు జంటగా పాడారు. ఆ పెట్టె శ్రుతి మీదే ఇద్దరి గొంతులూ ఒకటయ్యేవి. ఒక కచేరీలో అక్క స్వరం తడబడితే, వేదిక దిగగానే పదిమందిలో, "నీ గొంతు పోయింది. ఇక నా పక్కన కూర్చోకు" అనేసింది తాయారు. చూడామణి అక్కణ్నుంచే బందరు బస్సెక్కింది. పన్నెండేళ్లయింది. తాయారూ మళ్లీ పాడలేదు. అక్కకు ఎన్నో ఉత్తరాలు రాసింది. నొప్పించకుండా ఎలా చెప్పాలో తేలక ఒక్కటీ పోస్టు చేయలేదు. ఫోను చేసి, రెండో గంట మోగగానే పెట్టేసేది. వంటింట్లో కూనిరాగం తీయబోయి, పక్కన అందుకునే గొంతు లేక ఆగిపోయేది.

దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ తక్కువ వేడిది కొన్నదామె, పదిహేను వాట్లది. మరుసటి ఆదివారం పెట్టెను గుండెకు హత్తుకుని వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పాడుచేశాను మాస్టారూ. తీగ అతకలేదు సరికదా, కింద బోర్డు మీది రాగి గీత కూడా పొరలా లేచొచ్చింది."

"ఎంతసేపు ఆనించావు?"

"చాలాసేపు. సీసం కరిగితేగా! కాలుతుందన్న భయంతో మెల్లగా, అలాగే పట్టుకుని ఉన్నాను."

"కాలింది అందుకే," అన్నారు మాస్టారు. తన అరవై వాట్ల ఐరన్ ఆమె చేతికిచ్చి, అదే రాగి గీత మీద ఇంకా గట్టిగా ఉన్న చోటు చూపించారు. "ఇక్కడ పెట్టు. ఒకటి, రెండు అని తీసెయ్యి."

తాయారు తీగను అక్కడ పెట్టి పట్టుకుంది. ఐరన్ ఆనించింది. సీసం ఒక్కసారిగా నీళ్లలా పరుచుకుని మెరిసింది. రెండు అనేలోగానే తీసేసింది. బోర్డు మీద మచ్చయినా పడలేదు.

మీట నొక్కితే శ్రుతి లేచింది. పన్నెండేళ్ల కిందటి ఆ శ్రుతే. వరండాలో మిగతావాళ్లు చేతిలో పని ఆపి విన్నారు. తాయారు ఎవరినీ అడగకుండా ఫోను తీసి అక్క నంబరు నొక్కింది. ఈసారి గంటలు లెక్కపెట్టలేదు.

"అక్కా, నేను తాయారుని. ఆ రోజు నేనన్నది తప్పు. నువ్వు లేకుండా నాకు పాట రావడం లేదు."

పెట్టె చప్పుడు అడ్డమవుతోందేమోనని, "ఉండక్కా, పెట్టె కట్టేస్తాను" అంటూ తాయారు మీట మీద చెయ్యి వేసింది.

"కట్టెయ్యకే," అంది చూడామణి. "కాసేపు ఉండనీ."

చీరాలలో ఒకరూ, బందరులో ఒకరూ ఆ శ్రుతి వింటూ ఉండిపోయారు. తర్వాత అవతల ఫోను పెట్టేసిన శబ్దం. రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

తాయారు చెంపలు తుడుచుకుని మాస్టారు వైపు తిరిగింది. "మళ్లీ ఫోను చెయ్యనా మాస్టారూ? ఇప్పుడే బస్సెక్కి వెళ్లనా?"

మాస్టారు ఆమె వేసిన అతుకు వైపు వంగి చూశారు.

"చల్లారనీ అమ్మా," అన్నారు. "అతికిన వెంటనే కదపకూడదు."