దీర్ఘం తప్పిన నూకాలు

సద్దు చేయకండర్రా, చెబుతున్నా. ఇది ఏ రాజు కాలంలోదో మా అవ్వకీ తెలీదు, వాళ్ళ అవ్వకీ తెలీదు. అప్పుడెప్పుడో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. వడ్లు దంచి బతికేది. రోకలి లేస్తే పాట, రోకలి పడితే పాట. అక్షరం ముక్క రాదు గానీ, పాట కట్టడంలో ఆవిడ తరవాతే ఎవరైనా.

ఆవిడకి ఒక్కతే కూతురు. నూకాలమ్మ తల్లికి మొక్కుకుంటే పుట్టిందని నూకాలు అని పేరు పెట్టుకుంది. ఆ పిల్ల ఆటలో పడిందంటే తిండికి రాదు. దాలమ్మ గుమ్మంలో నిలబడి పాట కట్టి పిలిచేది.

"నూకాలు తిందువు రావే, గంజి చల్లారక ముందే రావే."

ఒక ఎండాకాలం అమ్మవారు పోసి ఆ పిల్ల పోయింది. ఏం చెప్పమంటారు, ఇచ్చిన తల్లే తీసుకుపోయింది. దాలమ్మ మాత్రం ఆ పాట మానలేదు. దంచుతూ అదే పాడేది. దారిన పోయే పండితుడొకడు విని, బాగుందే అనుకుని, తాటాకు మీద గబగబా గీసుకుని పోయాడు.

ఏళ్ళు గడిచాయి. రాజుగారు కవుల మేడ కట్టించారు. పెద్ద పెద్ద కవుల తాటాకులు, వాళ్ళు పట్టిన గంటాలు, వాళ్ళు కూర్చున్న పీటలు అన్నీ అందులో పెట్టి దీపాలు వెలిగించారు. "నీ పాట కూడా ఉందంట దాలమ్మా" అని ఎవరో చెప్పారు. అప్పటికావిడ పండు ముసలి. నూకాలుని ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు. తను పోతే ఆ పేరూ పోతుందని ఆవిడ బెంగ. మేడలో ఉంటే పోదు కదా అని కర్ర పట్టుకుని బయల్దేరింది.

మేడ చూపించే పంతులు ఆకు తీసి, రాగం తీస్తూ చదివాడు.

"నూకలు తిందువు రావే..."

దాలమ్మ చదువుకి అడ్డం పడింది. "నూకలు కాదు బాబూ, నూకాలు. నా కూతురు."

"భలేదానివే! నూకలు తప్ప గతిలేని పేదల ఆకలి ఇది. ఈ ఒక్క మాటకే కదా అందరూ కళ్ళు తుడుచుకునేది!"

రాసుకున్న మహానుభావుడు దీర్ఘం ఇవ్వడం మర్చిపోయాడు. అంతే, పిల్ల కాస్తా నూకలైపోయింది.

"ఒక్క దీర్ఘం పెట్టు బాబూ" అంది దాలమ్మ.

"అమ్మో, నా కొలువు పోతుంది. అధికారిని అడుగు."

అధికారి దగ్గరికెళ్ళింది. "ఒక్క దీర్ఘం పెట్టించు బాబూ."

"దీనికి వ్యాఖ్యానాలు కూడా రాసేశారమ్మా. ఇప్పుడు మారిస్తే అవన్నీ ఏ గంగలో కలపాలి? రాజుగారిని అడుగు."

రాజుగారి కాళ్ళ మీద పడింది. "ఒక్క దీర్ఘం పెట్టించండి మారాజా. నా పిల్లది ఇంకేమీ మిగల్లేదు."

"మేడెక్కిన మాట మార్చేది లేదు" అన్నారు రాజుగారు. మంచివాడే పాపం, జాలిపడ్డాడు కూడా. భటుణ్ణి పిలిచి, "ముసలావిడ ఆకలి మీదున్నట్టుంది. కాసిని నూకలు కొలిచి పంపించు" అన్నారు.

వినలేకపోతున్నారా? ఆవిడ విందర్రా!

ఆ నూకలు మేడ మెట్ల మీదే పోసేసి, అక్కడే కూలబడి పిలవడం మొదలెట్టింది. "నూకా...లూ, నూకా...లూ" అని గొంతు పోయేదాకా పిలిచింది. గొంతు పోయాక పెదాలు కదిపింది. తెల్లారి మెట్లు ఊడవడానికి వచ్చిన ఆడవాళ్ళకి శవం కనిపించింది. ముందురోజు ఆ పిలుపు విన్నవాళ్ళే వాళ్ళంతా. నలుగురూ పట్టి, వాళ్ళే మట్టి చేశారు.

మేడలో ఆకు మారలేదు. అక్కడ నూకలే.

మా వైపు మాత్రం పిల్లల్ని అన్నానికి పిలిచే తల్లి ముందు "నూకా...లూ" అని సాగదీసి ఒక పిలుపు పిలుస్తుంది. ఆ తరవాతే సొంత పిల్లల పేర్లు. నూకాలు ఎవరే అని అడిగితే, "మీ అక్కే, ఆటలో ఉంది, వచ్చేస్తుంది" అంటారు. మా అమ్మా అలాగే అనేది. నేనూ గుమ్మం వైపు చూస్తూ ముద్ద మింగేదాన్ని. ఎంతమంది తల్లులు పిలిచినా ఆ పిల్ల రాలేదర్రా.