తాకట్టు కొట్లో గట్టిమేళం

చేతిలో పడ్డ డబ్బు పొద్దుగూకేలోగా ఖర్చు కాకపోతే రాత్రికి నిద్ర పట్టని గవర్రాజు అనే సన్నాయి విద్వాంసుడు మండపేటలో ఉండేవాడు.

అతని విద్యకు వంక పెట్టడానికి లేదు. పెళ్లి పందిట్లో గవర్రాజు సన్నాయి అందుకున్నాడంటే వంటవాళ్లు గరిటెలు ఆపి మరీ వినేవారు. ఆ వినడంలో పప్పు అడుగంటిన పెళ్లిళ్లు కూడా ఉన్నాయి. వాళ్ల నాన్న వాయించిన వెండి కట్ల సన్నాయి అది. అలాంటి గొంతు ఉన్న సన్నాయి చుట్టుపక్కల మరొకటి లేదని పెద్దవాళ్లు అనేవారు.

మాఘం వచ్చిందంటే పెళ్లి మీద పెళ్లి. ఆ నెలల్లో గవర్రాజు చేతికి ఎముక ఉండేది కాదు. అతను వీధిలోకి వస్తే మాంసం కొట్టువాడు లేచి నిలబడేవాడు. సినిమాకి వెళ్తే తన ఇంటివాళ్లకే కాదు, క్యూలో వెనక నిలబడ్డవాళ్లకి కూడా టిక్కెట్లు తీసేవాడు. అడిగినవాడికి అప్పు ఇచ్చేవాడు. అడగనివాడికి కాఫీ ఇప్పించేవాడు.

ఆ తరవాత మూఢం వచ్చేది. ఆకాశంలో గురుడో శుక్రుడో కనబడకుండా పోయిన ఆ రోజుల్లో ఎవరూ పెళ్లిళ్లు చెయ్యరు. పెళ్లి లేకపోతే సన్నాయివాడికి పని లేదు. మూఢం ఎప్పుడొస్తుందో ఉగాది నాడే పంచాంగం చదివి ఊరంతటికీ చెబుతారు. ఆ పంచాంగ శ్రవణానికి సన్నాయి వాయించేది కూడా గవర్రాజే. అయినా ప్రతి ఏడూ మూఢం తన ఒక్కడి మీదికే చెప్పాపెట్టకుండా వచ్చిపడ్డట్టు నోరు తెరిచేవాడు. పది రోజులు తిరక్కుండానే సన్నాయిని పాత తువ్వాల్లో చుట్టుకుని నాగభూషణం గారి తాకట్టు కొట్టుకు బయల్దేరేవాడు. మూఢం అయ్యాక తొలి పెళ్లి డబ్బుతో విడిపించుకునేవాడు. మిగిలిన దాంతో ఘనంగా విందు చేసేవాడు.

అతని పక్కన డోలు వాయించే బుల్లియ్య స్వయానా బావమరిది. అతనికి వచ్చేదీ అంతే డబ్బు. కానీ బుల్లియ్య పద్ధతి వేరు. పెళ్లి నుంచి ఇంటికి రాగానే భార్యను పిలిచి, ఈ పెళ్లి ఆషాఢంలో బియ్యానికి, ఆ పెళ్లి పిల్లల ఫీజుకి, మరోటి ఇంటి కప్పుకి అని పేరు పెట్టి, దేని డబ్బు దానికి విడిగా మూట కట్టించేవాడు. గవర్రాజు దీన్ని చూసి పగలబడి నవ్వేవాడు. మూఢంలో ఎప్పుడైనా ఆ ఇంటికి భోజనానికి వెళ్తే, ఇవాళ ఎవరి పెళ్లి వండుకున్నారని వెటకారం చేసేవాడు. బుల్లియ్య మాత్రం నవ్వకుండా, "రాయవరం వాళ్లది బావా. ఇంకో వారం వస్తది. వడ్డించుకో," అనేవాడు. గవర్రాజు వడ్డించుకునేవాడు. వెటకారానికీ ఆకలికీ చుట్టరికం లేదు గదా.

ఒక ఏడాది మూఢం చాలా పెద్దదొచ్చింది. అది అయిందో లేదో ఆషాఢం తగులుకుంది. సన్నాయి ఎప్పటిలాగే తాకట్టుకు వెళ్లింది. అయితే ఈసారి నాగభూషణం గారు ఒక మాట చెప్పారు. పాత వడ్డీ కూడా పేరుకుపోయిందని, శ్రావణ పౌర్ణమిలోగా విడిపించకపోతే రాజమండ్రి ఆసామి ఒకాయనకు అమ్మేస్తానని, ఆయన ఇప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడని అన్నారు. గవర్రాజు గుండెల్లో రాయి పడింది. నాన్న సన్నాయి పోతే తను ఊదేది ఇంక పొయ్యి గొట్టమే.

అదృష్టం తలుపు తట్టిందని అంటారే, అలాగే ఒకరోజు నాగభూషణం గారే గవర్రాజు తలుపు తట్టారు. ఆయన కూతురి పెళ్లి శ్రావణంలో మొదటి ముహూర్తానికి కుదిరింది. సన్నాయి గవర్రాజే వాయించాలని అమ్మాయి పట్టు పట్టిందట. మొత్తంలో సగం డబ్బు అడ్వాన్సుగా అప్పటికప్పుడు లెక్కపెట్టి ఇచ్చారు. ఆ సగం సన్నాయి విడిపించుకోవడానికి సరిగ్గా సరిపోతుంది. నాగభూషణం గారు అది చూసుకునే ఇచ్చారు. ఇవాళ ఇటు వచ్చిన డబ్బు రేపు అటు తిరిగి వస్తుందని ఆయన ధీమా.

గవర్రాజు భార్య మంగతాయారు అడ్వాన్సు చూసి, "ముందు కొట్టుకెళ్లి సన్నాయి తెచ్చుకోండి. మిగతా ముచ్చట్లు తరవాత," అంది. గవర్రాజు నిజంగానే కొట్టుకు బయల్దేరాడు. ఆ మాట ఎవరి ముందైనా ఒట్టేసి చెప్పగలను. కానీ దారిలో బట్టల దుకాణం ఉంది. అంత గొప్ప ఇంటి పెళ్లికి పాత లాల్చీతో వెళ్తే నాగభూషణం గారికే నామర్దా అనిపించి పట్టు లాల్చీ కొన్నాడు. అక్కడే ఎర్ర మఖమల్ గుడ్డ కంటబడింది. నాన్న సన్నాయిని ఇన్నాళ్లూ పాత తువ్వాల్లో చుట్టి ఎంత అవమానించానో అని కళ్లనీళ్లు పెట్టుకుని, దానికి జరీ కుచ్చులతో సంచి కుట్టమని దర్జీకి ఇచ్చాడు. దర్జీ దగ్గర ఇద్దరు స్నేహితులు తగిలారు. స్నేహితుల పక్కనే హోటలు తగిలింది. ఆఖరికి తాకట్టు కొట్టు ముందుకు చేరేసరికి కొట్టు అక్కడే ఉంది గానీ డబ్బు లేదు. పెళ్లి వాళ్లదే కదా, ఆ పొద్దున సన్నాయి ఇవ్వక ఏం చేస్తారని తనకు తనే నచ్చచెప్పుకుని ఇంటికి వచ్చేశాడు.

పెళ్లి రోజు వచ్చింది. నాగభూషణం గారి ఇంటి ముందుగదే తాకట్టు కొట్టు. దానికి ఇనుప కటకటాలు. కొట్టుకెదురుగా వీధిలో పందిరి వేశారు. గవర్రాజు పట్టు లాల్చీ తొడుక్కుని, మఖమల్ సంచి చేత్తో పట్టుకుని పెళ్లికొడుకులా దిగాడు.

"సంచి బాగుంది గవర్రాజూ. సన్నాయి ఏదీ?" అన్నారు నాగభూషణం గారు.

"మీ బీరువాలోనే ఉందండి."

"విడిపించుకోమనే గదా అడ్వాన్సు ఇచ్చింది. ఆ డబ్బేమైంది?"

గవర్రాజు మఖమల్ సంచిని మెల్లిగా వీపు వెనక్కి తిప్పుకున్నాడు.

మరో సన్నాయి తెప్పిద్దామంటే, అన్నాళ్ల తరవాత వచ్చిన తొలి ముహూర్తం. జిల్లాలో ఊదగలిగిన ప్రతివాడూ ఏదో ఒక పందిట్లో కూచుని ఉన్నాడు. అప్పు దొరుకుతుందేమోనని గవర్రాజు బుల్లియ్య వైపు చూశాడు. బుల్లియ్య డోలు తాళ్లు బిగించడంలో ఎన్నడూ లేనంతగా మునిగిపోయాడు. నాగభూషణం గారికి సన్నాయి ఇచ్చెయ్యాలనే ఉంది. కానీ డబ్బు ముట్టకుండా వస్తువు కొట్టు గడప దాటనివ్వనని ఆయన తండ్రికి మాట ఇచ్చి ఉన్నారు. సొంత తమ్ముడి ఉంగరాన్ని కూడా దాటనివ్వలేదు. పని కాకుండా మిగతా సగం ముందే ఇవ్వడమూ ఆయన వల్ల కాదు. పురోహితుడు చూస్తే గణపతి పూజ మొదలుపెట్టేశాడు.

అప్పుడు బుల్లియ్య డోలు మీంచి తలెత్తి, "సన్నాయి గడప దాటకూడదన్నారు గానీ, గడప లోపల ఊదకూడదని అన్లేదు కదండి," అన్నాడు.

నాగభూషణం గారు కాసేపు ఆలోచించారు. తండ్రికిచ్చిన మాటకు ఇందులో భంగం కనబడలేదు. గవర్రాజుని కొట్లోకి పంపి, బీరువా తీసి, సన్నాయి చేతికిచ్చారు. లోపల పదిమంది నగలున్నాయి గనక కటకటాలకు బయట నుంచి తాళం వేశారు. అలా డోలు పందిట్లోనూ, సన్నాయి కటకటాల వెనకా కూచుని పెళ్లి సాగించాయి.

సన్నాయి మాత్రం అద్భుతంగా పలికింది. మూడు నెలలు మూగగా పడి ఉన్నది గదా, ఆ రోజు దాని గొంతులో దిగులు కూడా కలిసేసరికి పెద్దవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పిల్లలు మాత్రం కటకటాల ముందు గుంపుగా చేరారు. మగపెళ్లివారి ముసలమ్మ ఒకావిడ, పాపం ఏం నేరం చేశాడని వాకబు చేసింది. మెచ్చుకున్నవాళ్లు చిల్లర ఊచల సందులోంచి లోపలికి వేశారు. గాలి ఆడని గదిలో పట్టు లాల్చీ చెమటకు వీపుకి అంటుకుపోయింది.

కటకటాల పక్కనే ఉన్న ఆడవాళ్ల వరసలో మంగతాయారు కూచుని ఉంది. పక్కావిడ కొట్టు వైపు చూపించి, ఆయన ఎవరో మీకేమైనా తెలుసా అని అడిగింది. మంగతాయారు అటు ఒకసారి చూసి, "తెలీదండి," అంది.

ఊపిరి తీసుకోవడానికి ఆగిన గవర్రాజు చెవిన ఆ మాట పడింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆమె ఎన్నో అంది. ఏదీ ఇంతలా గుచ్చుకోలేదు.

మనసు అక్కడ చిక్కుకోవడంతో అసలు పని గాడి తప్పింది. తాళి కట్టే క్షణాన పురోహితుడు చెయ్యెత్తగానే మేళాలన్నీ ఒక్కసారిగా హోరెత్తాలి. దాన్నే గట్టిమేళం అంటారు. కొట్లోంచి చూస్తే అరటి బోదెల మధ్య నుంచి గవర్రాజుకి పురోహితుడి కుడిచెయ్యి ఒక్కటే కనబడుతోంది. అటు మంగళసూత్రాలు ఇంకా కొబ్బరికాయ మీద పెట్టి ముత్తయిదువుల చేత ముట్టించి తెస్తున్నారు. అంతలో పురోహితుడు బెల్లం మీద వాలిన ఈగను తోలడానికి చెయ్యెత్తాడు. గవర్రాజు గట్టిమేళం ఊదేశాడు. అలవాటు కొద్దీ బుల్లియ్య డోలు అందుకున్నాడు. పందిరంతా లేచి అక్షింతలు కురిపించింది. పెళ్లికొడుకు ఖాళీ చేతులతో తెల్లబోయి చూస్తున్నాడు. తాళి కట్టేశారనుకుని వంటవాళ్లు విస్తళ్లు వేసేశారు. తొలిబంతికి కాచుకున్నవాళ్లు ఒక్క పరుగున వెళ్లి కూచున్నారు. నిజంగా తాళి కట్టే వేళకి పందిట్లో సగంమందే మిగిలారు. వాళ్ల చేతుల్లో అక్షింతలు లేవు.

పెళ్లయ్యాక నాగభూషణం గారు తాళం తీశారు. మిగతా సగం డబ్బు బల్ల మీద లెక్కపెట్టారు. గట్టిమేళం రెండుసార్లు వాయించినా ఒకదానికే ఇస్తానని కూడా చెప్పారు. గవర్రాజు ఆ డబ్బును ముట్టకుండా అలాగే ఆయన వైపు నెట్టాడు. బాకీ తీరింది. సన్నాయి గడప దాటింది. పొద్దుటి నుంచి ఊపిరంతా ఊదితే చివరికి అతనికి దక్కింది, ముందు నుంచీ తనదే అయిన సన్నాయి. అది కాక ఊచల సందులోంచి పడ్డ చిల్లర.

ఇంటికి నడుస్తూ భార్యను అడిగాడు. "నేనెవరో తెలీదన్నావేం?"

"నాకు తెలిసినాయన పందిట్లో పదిమంది మధ్య కూచుని వాయిస్తారండి," అంది మంగతాయారు. "తాళం వేసిన కొట్లో కూచున్నాయన్ని నేనెట్టా ఆనవాలు పడతాను?"

గవర్రాజు సిగ్గుతో మఖమల్ సంచిని ఆమె చేతికిచ్చేశాడు.

తరవాతి పెళ్లి నుంచి రాగానే చెప్పులు విడవకుండానే డబ్బంతా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అప్పటికే మఖమల్ సంచిని విప్పి చిన్న చిన్న సంచులు కుట్టి ఉంచింది. ఇంటి ఖర్చుకొకటి, మూఢానికొకటి, ఒళ్లు బాగుండనప్పటికొకటి. గవర్రాజు సరదాలకి కూడా ఒకటి కుట్టింది గానీ అందులో ఒక తాంబూలం పట్టడం కష్టం. మొదట్లో అతను మూఢం సంచి చుట్టూ పిల్లిలా తిరిగేవాడు. దాని కుచ్చు లాగబోయి రెండుసార్లు దొరికిపోయాడు. మెల్లిగా ఆ చెయ్యి కూడా దారికొచ్చింది.

మరుసటి ఏడు మళ్లీ మూఢం వచ్చింది. అది మొదలైన ఇరవయ్యో రోజు తెల్లవారుజామున వీధిలో సన్నాయి మోగింది. జనం ఉలిక్కిపడి లేచారు. మూఢంలో పెళ్లేమిటని ఒకరినొకరు అడిగారు. పురోహితుడు పంచాంగం చంకలో పెట్టుకుని ఒంటికాలి మీద లేస్తూ సన్నాయి వినబడే ఇంటికి వచ్చి, ఈ ముహూర్తం ఏ మూర్ఖుడు పెట్టాడని నిలదీశాడు.

మంగతాయారు వాకిట్లో ముగ్గు వేస్తోంది. చెయ్యి ఆపకుండానే, "పెళ్లేం లేదండి పంతులుగారూ," అంది. "ఈ మూఢంలో సన్నాయి మా ఇంట్లోనే ఉంది. ఆయన సాధన చేసుకుంటున్నారు."

పురోహితుడు పంచాంగం చంకలోనే ఉంచుకుని, ఆ కీర్తన అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

రాబడి ఉన్న రోజునే రాబడి లేని రోజుకు వాటా తీసి పక్కన పెట్టాలి. అలా పెట్టనివాడి విద్య ఎంత గొప్పదైనా, దాని తాళంచెవి పరాయివాడి మొలలోనే ఉంటుంది.