అతుకులమ్మ గుట్ట మీది ఆట

ఉప్పరకోనకు వచ్చే భక్తులు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. బస్సు దిగగానే కనబడే పెద్ద గోపురం అతుకులమ్మది కాదు. అది వేరే దేవుడిది, ఆయన మహిమలు ఆయనకున్నాయి. అతుకులమ్మను చూడాలంటే సోడాబండి పక్కనుంచి ఎడమకు తిరిగి, రేగుపొదల మధ్య బండబాట పట్టి గుట్ట ఎక్కాలి. దారి ఎవరినడిగినా చెబుతారు. అడగకపోయినా చెబుతారు, మా ఊరివాళ్ళ అలవాటు అది.

గుట్ట మీద గర్భగుడి, ధ్వజస్తంభం వంటివి లేవు. రేకుల కప్పు వేసిన పొడవాటి సాల ఒకటి ఉంది. దానినే ఆటశాల అంటారు. తూర్పు కొసన అమ్మవారు నిలబడి ఉంటుంది. విగ్రహం మూడు రాళ్ళు. మోకాళ్ళ వరకు పాదాలు ఒక రాయి, నడుమూ చేతులూ ఒక రాయి, మెడ నుంచి పైన ముఖం ఒక రాయి. వాటి మధ్య అతుకులు సాల చివర కూర్చున్నవారికి కూడా కనబడతాయి. ఒకసారి ఒక దాత వచ్చి, సిమెంటు పూసి నున్నగా చేయిస్తానన్నాడు. పెద్దలు ఆయనకు దండం పెట్టి, మజ్జిగ ఇచ్చి పంపించారు.

మిగతా సాలంతా నేర్చుకునేవారిది. అతుకులమ్మ కళాసంఘం పేరిట ఇక్కడ లాభాపేక్ష లేకుండా పాట, మద్దెల, అడుగు, తోలుబొమ్మలాట నేర్పుతారు. చుట్టుపక్కల బడిపిల్లలు, పత్తి ఏరి సాయంత్రానికి తీరిక చేసుకునే ఆడవాళ్ళు, ఉద్యోగ విరమణ చేసిన ఒక పోస్టుమాస్టరుగారు ప్రస్తుతం నేర్చుకుంటున్నారు. పోస్టుమాస్టరుగారికి తాళం నిలవడం లేదు. అయినా ఆయన మానలేదు, మేము మానమనలేదు.

అమ్మవారికి ఈ పేరు ఎలా వచ్చిందో పెద్దల నోట విన్నది విన్నట్టు ఇక్కడ రాస్తున్నాము.

పూర్వం ఇక్కడ దాసరి ఓబుళయ్య అనే ఆటగురువు ఉండేవాడు. ఏటా జాతరలో అమ్మవారి ఆట కట్టేది ఆ ఇంటివారే. ఆటలో అమ్మ గుట్ట దిగి ఊళ్ళోకి వస్తుంది, ఊరి తప్పులు చూసి ఉగ్రమవుతుంది, చివరకు శాంతించి దీవిస్తుంది. ఉగ్రం నుంచి శాంతానికి వచ్చే చోటును దింపు అనేవారు. వేషం ఉగ్రంలో ఉండగా ఆట ఆపరాదని, ఆపితే అమ్మ ఆ ఏడాదంతా అదే కోపంతో ఊళ్ళో తిరుగుతుందని నమ్మకం. అందుకే దింపు తెలియనివాడు ఆ వేషం ముట్టుకునేవాడు కాదు.

ఓబుళయ్యకు సంతానం లేదు. ముగ్గురు శిష్యులుండేవారు. గొర్రెల కాపరి తిప్పన్నకు అడుగులు నేర్పాడు. ఉప్పర్ల వీధి కోడలు సుంకమ్మకు పాట నేర్పాడు. దూదేకుల కాశింకు మద్దెల నేర్పాడు. ఎవరికి నేర్పేది వారికే, వేరువేరు పూటల్లో, తలుపు గడియపెట్టి. ఒక్కరికే అంతా వస్తే వాడు సొంత మేళం కట్టుకొని పొరుగూరికి పోతాడని ఆయన భయం. ఇంటిగుట్టు లంకకు చేటని తరచూ అనేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఒక్కొక్కరినీ దగ్గరకు పిలిచి, "నీకు చెప్పిందే అసలు. కడమోళ్ళకు పైపైన చెప్పినా" అని కూడా అన్నాడు. ఎవరికివారు ఆ మాట గుండెల్లో దాచుకున్నారు. ముగ్గురి మధ్యా మాటలు తగ్గాయి. ఎదురుపడితే ముఖం తిప్పుకునేవరకు వచ్చింది.

దింపు మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. జాతరలో వేషం తానే కట్టేవాడు. దింపు వచ్చేసరికి ముందు తెర పట్టించి, ఊరి డప్పులూ కొమ్ములూ ఒక్కసారిగా మోగించమనేవాడు. తెర వెనుక ఏం పాడాడో, ఏ అడుగు వేశాడో ఎవరికీ అందేది కాదు. తెర దించేసరికి అమ్మ శాంతంగా ఉండేది. పోయేముందు ఎవరో ఒకరికి చెబుతాలే అనుకున్నాడు. అందరూ అలాగే అనుకుంటారు.

ఒక మధ్యాహ్నం సంగటి తింటుండగా ఆయన కుడిచేయి పడిపోయింది. కాలు లాగేసింది. మూతి వంకర పోయి మాట పూర్తిగా పోయింది. జాతర దగ్గరపడుతున్న రోజులవి.

శిష్యులు ముగ్గురూ మంచం దగ్గరకు వచ్చారు. పరామర్శ ఎంతసేపో జరగలేదు. ఆట తన చేతిలో పెట్టాలంటే తన చేతిలో పెట్టాలని తగువులాడుకున్నారు. చివరకు తిప్పన్న, "సామీ, మీరే చెప్పండి. అసలుది ఎవరికాడ ఉండాది?" అని అడిగాడు. ఓబుళయ్య నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. ఎవరి దగ్గరా లేదు నాయనా అన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడం మిగతా ఇద్దరి గురించేనని ముగ్గురూ అనుకొని, గెలిచినట్టు ఎవరిదారిన వారు వెళ్ళిపోయారు.

ఓబుళయ్యకు అక్షరం రాదు. ఆ ఇంట్లో ఆటంతా నోటనే వచ్చింది, నోటనే పోవాలి. తాను ఆడిన అబద్ధం తానే విప్పితే తప్ప తాతల నాటి ఆట నిలవదని ఆయనకు తెలుసు. విప్పడానికి నోరు లేదు. ఆయన మంచంలో పడి ఏడ్చేవాడని, చూడవచ్చినవారు అది జబ్బు బాధ అనుకునేవారని చెబుతారు.

ఆ కాలంలో ఊళ్ళో మూడు రాళ్ళుండేవి. తిప్పన్న గొర్రెలు మేపుతుండగా ఒక గొర్రె ఒకే చోట నిలబడి ఎంత అదిలించినా కదల్లేదట. అక్కడ తవ్వితే రెండు పాదాలున్న రాయి బయటపడింది. తెచ్చి దొడ్డిలో పెట్టి, పాదాలమ్మ అని మొక్కుతుండేవాడు. సుంకమ్మ ఇంటి గూట్లో ముఖం ఒకటి ఎప్పటినుంచో ఉంది. దానికి మొగమమ్మ అని పేరు, మంగళవారం పసుపు. మూడోది కాశిం పెరట్లో పడి ఉండేది. తలా కాళ్ళూ లేవు గనుక అది దేవతని ఎవరికీ తట్టలేదు. కాశిం దానిమీద కూర్చునే మద్దెల సాధన చేసేవాడు. తెలియక చేసిన పని గనుక అమ్మ ఏమీ అనుకున్నట్టు లేదు. అసలు విగ్రహాన్ని ఎవరు విరగ్గొట్టారనే విషయంలో నాలుగైదు కథలున్నాయి. ఆ తగాదా ఈ పుస్తకానికి అనవసరం.

ఒక తెల్లవారుజామున ఓబుళయ్యకు అమ్మ కలలో కనబడింది. "ఓబుళూ, నేను యాడ యాడ ఉండానో చూడు" అని మూడు ఇళ్ళూ చూపించింది. "నన్ను గుట్టమీద ఒక్కతాన నిలబెట్టు" అంది. అంతే, దింపు సంగతి ఎత్తలేదు. నోరున్న రోజుల్లో ఆయనకు ఇటువంటి కల ఒక్కటీ రాలేదు. నోరు పోయాక వచ్చింది.

చెప్పలేడు గనుక ఆయనే బయలుదేరాడు. కర్ర ఊతంతో కాలీడ్చుకుంటూ తిప్పన్న దొడ్డికి పోయి, రాయి పక్కన కూలబడి ఎడమచేత్తో దాన్ని లాగసాగాడు. తిప్పన్న పరుగెత్తుకొచ్చాడు.

"అది మా అమ్మ సామీ. ఇడ్సండి."

ఓబుళయ్య విడవలేదు. చేతి తోలు గీరుకుపోయి నెత్తురు వస్తున్నా లాగుతూనే ఉన్నాడు. తిప్పన్నకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. "సరే, యాడికో చూపించండి, నేనే మోస్తా" అని రాయి భుజానికెత్తుకున్నాడు.

అక్కడినుంచి కాశిం ఇంటికి వెళ్ళారు. ఓబుళయ్య రాయి చూపించగానే కాశిం పెద్దగా ఆలోచించలేదు. "కూచునేదానికి ఇంగో బండ దొరకదా సామీ" అని తానూ ఎత్తుకున్నాడు. తిప్పన్నతో మాత్రం మాట్లాడలేదు.

సుంకమ్మ ఒప్పుకోలేదు. చంకలో బిడ్డతో వాకిట్లో అడ్డంగా నిలబడింది.

"పానం అడగండి, ఇస్తా. అమ్మను ఇయ్యను. నాకాడుండేదే అసలని మీరేగదా సామీ చెప్పింది?"

ఆమె అన్నది పాట సంగతో, గూట్లో అమ్మ సంగతో ఆమెకే తెలియాలి. వెనుక నిలబడిన ఇద్దరికీ మాత్రం ఆ మాట సూటిగా తగిలింది.

"నాకూ అదే చెప్పినాడే" అన్నాడు తిప్పన్న.

కాశిం తన భుజం మీది రాయి మెల్లగా కిందికి దించాడు. ముగ్గురూ కలిసి గురువు వైపు చూశారు.

ఓబుళయ్య కర్ర వదిలేశాడు. నేల మీద పడి, ఆ ఒక్క చేత్తోనే సుంకమ్మ పాదాలు పట్టుకున్నాడు. ఆపైన పాక్కుంటూ తక్కిన ఇద్దరి వైపు వచ్చాడు. గురువు శిష్యుల కాళ్ళు పట్టుకోవడం మా సీమలో కనీవినీ ఎరుగని పని. ఇద్దరూ అదిరిపడి వెనక్కి జరిగారు. సుంకమ్మ జరగలేదు. ఆమెకు ఏడుపు వస్తోంది, ఒళ్ళు మండుతోంది కూడా. "ఇన్నేండ్లు మా నడమ గోడ కట్టిపెట్టి, ఇప్పుడు కాళ్ళు పట్టుకుంటే పడిపోతాదా సామీ?" అని అడిగేసింది. ఆయన ఆమె వైపు తిరిగి, పడదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి ఆమె లోపలికి పోయి, గూట్లోని అమ్మ ముఖాన్ని కొంగులో పెట్టుకొని వచ్చింది.

గుట్టమీద మూడు రాళ్ళూ ఒకదానిమీద ఒకటి పెడితే అంచుకు అంచు కలిసింది. కాశిం సున్నమూ బెల్లమూ కలిపి నూరి అతికాడు. నాటినుంచి ముగ్గురూ అమ్మ ముందర, అందరూ చూస్తుండగా, ఎవరికి వచ్చింది వారు మిగతా ఇద్దరికీ చెప్పుకున్నారు. మొదట్లో పోట్లాటలే. పాటకు అడుగు ఎక్కువయ్యేది, అడుగుకు దెబ్బ తక్కువయ్యేది. మెల్లగా కుదురుకుంది. అమ్మ దిగిరావడం కుదిరింది, ఉగ్రం కుదిరింది, శాంతం కుదిరింది. దింపు లేదు. ఓబుళయ్య ఎడమచేత్తో గాలిలో ఏవేవో చూపించేవాడు. పాటా అడుగూ లేని ఆ సైగలు ఎవరికీ అర్థం కాలేదు. ఆయన అలసిపోయి చేయి ఒళ్ళో పడేసుకునేవాడు.

జాతర వచ్చింది. ఉగ్రం దాకా పోవద్దు, దండం పెట్టి ముగించండి అని ఊరిపెద్దలు అన్నారు. తిప్పన్న వేషం కట్టుకుంటూ, "కోపం లేనిదానికి అమ్మ దిగొచ్చేది యేంటికి?" అన్నాడు. భయం లేక కాదు. ఆటను సగంలో కుదించడం మొదలుపెడితే మరుసటేడు పావువంతే మిగులుతుందని అతనికి తోచింది.

పొద్దు వాలే వేళకు ఆట ఉగ్రంలోకి వచ్చింది. తిప్పన్న ఎన్నడూ లేనంతగా ఆడాడు. దింపు దగ్గరకు వచ్చేసరికి కాశిం చేతులు ఆగిపోయాయి. తెర పట్టేవారు లేరు, డప్పులు మోగించమనేవారు లేరు. వేషం కళ్ళెర్రజేసి జనం ముందు నిలబడిపోయింది. జనం ఒకరినొకరు పట్టుకున్నారు. ఒక ముసలామె పైకే ఏడ్చింది.

సుంకమ్మ తనకు వచ్చిన పాటలన్నీ మరచిపోయింది. నోటికి వచ్చింది ఒక్కటే. పొద్దున బిడ్డను నిద్రపుచ్చడానికి పాడుకున్న జోలపాట.

"పండుకోవే తల్లీ, పనులన్నీ అయిపాయె..."

అమ్మవారి ఆటలో జోలపాట అంతవరకు ఎవరూ వినలేదు. కాశిం రెండు చరణాలు ఊరికే ఉండి, ఆపైన మద్దెలను వేళ్ళతో తట్టసాగాడు. జోలపాటకు వేసే అడుగు తిప్పన్నకు రాదు. ఏం చేయాలో తోచక, కిరీటంతో కత్తితో ఉన్నవాడు ఉన్నట్టే నేలమీద కూర్చున్నాడు. ఆ ఆటలో అమ్మ కూర్చోవడమనేది లేదు. తాతల నాటినుంచి లేదు. తప్పు జరిగిపోయిందని అందరికీ తెలిసింది. అందరి తలలూ ఓబుళయ్య వైపు తిరిగాయి.

ఆయన ముందువరసలో బండకానుకొని ఉన్నాడు. అసలు దింపు ఆయన లోపల ఉంది. అది ఇది కాదు. ఇకమీదట అది ఎవరికీ తెలియదని, ఊరికి ఇదే మిగులుతుందని ఆయనకు ఆ క్షణంలో అర్థమై ఉండాలి. సిగ్గుపడ్డాడు, దుఃఖపడ్డాడు. తరువాత ఎడమచేయి తొడమీదికి తెచ్చుకొని, సుంకమ్మ జోలపాటకు తాళం వేశాడు. ఆమె ఎక్కడ జారితే అక్కడ తానూ జారుతూ, ఆమె తాళమే వేశాడు. అది చూసి కాశిం గట్టిగా అందుకున్నాడు. తిప్పన్న కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచేసరికి ఆ ముఖంలో కోపం లేదు.

ఆ ఏడు ఊరికి ఏ కీడూ జరగలేదు. వాన ఎప్పటిలాగే అరకొరగా పడింది, అది ఇక్కడ మామూలే. ఓబుళయ్య దింపు ఏమిటో ఈనాటికీ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆడేది ఆ ముగ్గురిదే. దింపు దగ్గర అమ్మ వేషం కూర్చుంటుంది.

ఆటశాలకు తలుపులు పెట్టరు. ఇక్కడ ఎవరి పాఠమైనా ఎవరైనా వినవచ్చు. చదువు ముగించిన శిష్యులు జాతరనాడు అమ్మ ముందర ఆడతారు. అప్పుడు నేర్పిన గురువు కుడిచేతికి తువ్వాలు చుట్టుకొని నేలమీద కూర్చోవాలి. ఎడమచేత్తో శిష్యులు ఎలా పోతే అలా తాళం వేయాలి. తప్పినా సరే, తాను దిద్దకూడదు. మాటలు ఆలస్యంగా వస్తున్న పిల్లలను, ఒకరితో ఒకరు మాటలు మానుకున్న అన్నదమ్ములను తెచ్చి ఈ తాళం వినిపిస్తే మేలు జరుగుతుందని చెబుతారు. జరిగినవారు వచ్చి చెప్పారు. జరగనివారు చెప్పలేదు గనుక ఇంతకుమించి మేము రాయము.

పోయిన జాతరలో ఎర్రిస్వామి కూతురు, పదో తరగతి చదివే పద్మావతి దింపు పాడింది. సగంలో చరణం మరచి, మొదటి చరణమే మళ్ళీ ఎత్తుకుంది. నేర్పిన మద్దిలేటి మేష్టారికి కోపం జాస్తి. తువ్వాలులోంచి ఆయన కుడిచేయి సగం బయటికి వచ్చింది. పక్కనున్న ముసలామె దాన్ని పట్టుకొని, "సామీ, ఎడమది" అంది. ఆయన చేయి లోపలికి పెట్టుకున్నాడు. ఎడమచేత్తో మొదటి చరణానికి మళ్ళీ మొదటినుంచి తాళం వేశాడు. పిల్ల ఆయన చేతివైపు చూస్తూ పాట చివరిదాకా పాడింది.