ఆనపమ్మకి పందిరి

సంతవలసలో తెలివైనవాళ్ళెవరని అడిగితే చాలు, అందరికంటే ముందు చెయ్యెత్తేది బుచ్చెయ్య ఇంటివాళ్ళే. బుచ్చెయ్య, వాడి పెళ్ళాం సన్నెమ్మ, వాడి తమ్ముడు పైడన్న, ముగ్గురూ ముగ్గురే. నిద్రలో తెలివి చెవుల్లోంచి కారిపోతుందేమోనని తలలకి తువ్వాళ్ళు బిగించి కట్టుకుని మరీ పడుకునేవాళ్ళు. పొద్దున్నే విప్పి చూసుకుని, "ఒక్క బొట్టు కారలేదు!" అని మురిసిపోయేవాళ్ళు.

ఇంత తెలివున్నా పైడన్నకి పెళ్ళి మాత్రం కుదరటంలేదు. వాడి మనసంతా పక్కూరి గవరయ్య కూతురు ముత్యాలు మీదుంది. ఆ పిల్ల సంతలో బెండకాయ కొస విరిచి, లేతదో ముదురో చూస్తుంటే చూశాడు. అంతే, అప్పట్నుంచీ ఏది కనబడినా కొస విరిచి చూస్తున్నాడు. ఇంట్లో రెండు చీపుర్లు, ఒక గరిటె అలాగే పోయాయి.

చివరికి గవరయ్య ఇల్లు చూసుకోడానికి వచ్చాడు. పెరట్లోకెళ్ళి చూస్తే ఒక్క పచ్చిమిరప మొక్క కూడా లేదు.

"మా పిల్ల పాదుల మధ్య పెరిగింది. పిడికెడు కూరకి సంతదాకా పరిగెత్తే ఇంట్లో ఇవ్వను," అన్నాడు. "కార్తీకంలో వస్తాం. మీ పెరట్లో కాసిన కూరతో అన్నం పెట్టండి. అప్పుడు మాట్లాడుకుందాం."

పక్కింటి కొండమ్మ పిన్ని పెరడు ఎప్పుడూ పచ్చగా కళకళ్ళాడుతుంటుంది. ముగ్గురూ ఆవిడ దగ్గరికి పరిగెత్తారు.

"ముందు మట్టి గుల్లగా తవ్వండి. అందులో ఎరువు వెయ్యండి. ఎరువు ఎంత వేస్తే కాపు అంత. అప్పుడు రండి, వంగనారు ఇస్తాను," అంది కొండమ్మ.

ఇంటికొచ్చాక పైడన్న తల గోక్కున్నాడు. "ఎరువంటే ఏంటి వదినా?"

"అదీ తెలీదా మరిదీ? మొన్న పేరంటానికి పిన్ని కాసులపేరు ఎరువు తెచ్చుకోలేదూ? ఒకళ్ళని అడిగి తెచ్చుకుని మళ్ళీ ఇచ్చేసేదే ఎరువు."

"అయితే సొంత సామాను పనికిరాదన్నమాట," అన్నాడు బుచ్చెయ్య గంభీరంగా.

ఇంకేముంది! ముగ్గురూ మూడు వీధుల మీద పడ్డారు. ఒకళ్ళ కవ్వం, ఒకళ్ళ ఆవకాయ జాడీ, పూజారిగారి గొడుగు, దర్జీ కత్తెర, కొండమ్మ ఇత్తడి బిందె, అన్నీ ఎరువు తెచ్చి పెరట్లో పాతేసి, పైన మట్టి కప్పి, ఎక్కి తొక్కారు.

తెల్లారేసరికి ఊరంతా వాకిట్లో ఉంది.

"మా కవ్వం ఏదే సన్నెమ్మా? మజ్జిగ చిలుక్కోవాలి!"

"తొందరపడకండమ్మా, మట్టిలో మాగుతోంది. వంకాయలు కాయగానే ఇచ్చేస్తాను," అంది సన్నెమ్మ.

ఊరు ఊరంతా పారలు పట్టుకొచ్చి ఎవరి సామాను వాళ్ళు తిట్టుకుంటూ తవ్వుకుపోయారు. ఆ తవ్వకంతో మట్టి నిజంగానే గుల్లబారింది.

"చూశారా, కూలి లేకుండా ఊరిచేత పెరడు తవ్వించాం!" అని బుచ్చెయ్య మీసం దువ్వుకున్నాడు.

కొండమ్మ నెత్తి కొట్టుకుంది. "ఎరువంటే మాగిన పేడరా నాయనా!" అని తనే రెండు తట్టల పేడెరువు చల్లించి, వంగనారు ఇచ్చి, దగ్గరుండి నాటించింది.

"బతుకుతాయా పిన్నీ?" అని పైడన్న బెంగగా అడిగాడు.

"ఎందుకు బతకవురా? నారు పోసినవాడు నీరు పొయ్యడా?" అని ధైర్యం చెప్పి వెళ్ళింది.

బుచ్చెయ్య వేళ్ళు మడిచి లెక్క తేల్చాడు. "నారు పోసిందెవరు?"

"పిన్ని."

"మరి నీరు పొయ్యాల్సింది?"

"పిన్నే!"

అంతే. ముగ్గురూ అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూర్చున్నారు. పిన్ని రాదు, నీళ్ళు పొయ్యదు. మొక్కలు తలలు వాల్చేశాయి. చివరికి బుచ్చెయ్యకి కోపమొచ్చి ఆవిడ గుమ్మం ముందుకెళ్ళి నిలదీశాడు.

"ఏం పిన్నీ, పెద్దదానివి, మాట మీద నిలబడక్కర్లేదా? నారు పోశావు, నీళ్ళు పొయ్యవేం?"

కొండమ్మకి ఒళ్ళు మండిపోయి చేతిలో ఉన్న చెంబుడు నీళ్ళూ వాడి మొహాన కొట్టింది.

"నా మీద కాదు పిన్నీ, మొక్కల మీద," అన్నాడు వాడు శాంతంగా మొహం తుడుచుకుంటూ.

"పొద్దునా సాయంత్రం మీరే పొయ్యాలిరా, మీరు! ఛీ, మీకు చెప్పి ఏం లాభం? మొక్కై వంగనిది మానై వంగుతుందా!" అని తలుపేసుకుంది.

ఆ రోజు నుంచి రెండు పూటలా నీళ్ళు పోశారు. మొక్కలు తేరుకుని నిటారుగా నిలబడ్డాయి. అది చూసి పైడన్న గుండె గుభేలుమంది.

"అన్నయ్యా, కొంప మునిగింది! మొక్కగా ఉన్నప్పుడు వంగకపోతే ఇంకెప్పుడూ వంగవని పిన్ని చెప్పిందిగా? ఇవి ఒక్కటీ వంగలేదు!"

ఇంకేముంది! తలా ఒక వరసలో కూర్చుని, ఒక్కో మొక్కనీ నేలకి వంచి, పైన రాయి పెట్టారు. ఫట్, ఫట్, ఫట్.

"ఎంత వినయంగా ఉన్నాయో! మనింటి పెంపకం," అంది సన్నెమ్మ. ఆ వినయంలోనే వంగమొక్కలన్నీ ఎండిపోయాయి.

పైడన్న గోడ దగ్గర కూర్చుని ముత్యాలు పేరు చెప్పుకుని ఏడవడం మొదలెట్టాడు. కొండమ్మ మనసు కరిగింది. తనే వచ్చి బెండ, గోరుచిక్కుడు, తోటకూర గింజలు వేయించింది. అన్నీ మొలిచాయి. వాటితోపాటు గడ్డీ మొలిచింది.

"కలుపు ఉంటే మొక్కల బలమంతా అదే తినేస్తుంది. మీరు నాటనిది ఏది కనబడినా వేళ్ళతో సహా పీకెయ్యండి," అంది.

బుచ్చెయ్య పెరట్లో నాలుగు దిక్కులా చూశాడు. "ఈ కంచె రాటలు ఎవరు నాటార్రా?"

"తాత నాటాడు."

"మనం నాటామా?"

"లేదు."

పీకేశారు. బట్టలారేసే గుంజ? నాన్న నాటాడు. పీకేశారు. నేలలో పాతిన రోలు? ఎవరు పాతారో ఎవరికీ తెలీదు. పీకేశారు. కొబ్బరిచెట్టుని ముగ్గురూ చుట్టూ కావిలించుకుని పొద్దెక్కేదాకా లాగారు. అది కదల్లేదు. "దీని సంగతి రేపు చూద్దాం," అని ఆయాసపడుతూ అన్నం తినడానికి లోపలికెళ్ళారు. గడ్డి సంగతి ఎవరికీ గుర్తులేదు.

కంచె లేదు కదా! అంతే, ఊళ్ళో మేకలన్నీ చుట్టాల్లా వచ్చాయి. వాళ్ళు చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి బెండ లేదు, గోరుచిక్కుడు లేదు, తోటకూర లేదు, గడ్డి పరక కూడా లేదు.

"ఆహా! కలుపంటే ఇలా పోవాలి," అన్నాడు బుచ్చెయ్య.

ఇక మిగిలింది ఒక్కటే. ఇంటి వెనక పెంటకుప్ప దగ్గర, ముళ్ళకంపల చాటున, ఎప్పుడో సన్నెమ్మ పారేసిన ఆనపగింజ దానంతటదే మొలిచి తీగ సాగింది. దాన్ని చూసి కొండమ్మ రెండు చేతులూ జోడించింది.

"మీ కంట పడలేదు కాబట్టి ఇదొక్కటైనా బతికిందిరా! దీన్నేమీ చెయ్యకండి. నీళ్ళు పొయ్యండి, పందిరి వెయ్యండి, అంతే."

పందిరి! ముగ్గురి మొహాలూ వెలిగిపోయాయి. పందిరి వెయ్యడం ఎవరికి తెలీదు? పీకిన కంచె రాటలన్నీ తెచ్చి మళ్ళీ పాతారు. పైన వెదురుకర్రలు పరిచారు. మామిడి తోరణాలు కట్టారు. నాలుగు మూలలా అరటిబోదెలు నిలబెట్టారు. తీగకి పసుపు రాసి, బొట్టు పెట్టి, సన్నాయి మేళం పిలిపించారు. మేళం వినగానే ఊరు ఊరంతా అక్షింతలు పట్టుకుని దిగింది.

"పెళ్ళికూతురు ఎవరే సన్నెమ్మా?"

"పెళ్ళేంటి వదినా, పందిరి ఒక్కటే. మా ఆనపమ్మకి," అంది సన్నెమ్మ.

మేళం మోతలో సగం మాటే వినబడింది. ఆ సగం చెవులు మారి, నోళ్ళు మారి, పక్కూరు చేరేసరికి కార్తీకం వచ్చింది. ఈలోగా తీగ పందిరంతా అల్లుకుని తెల్లగా విరబూసింది. పూసిన పువ్వునల్లా సన్నెమ్మ తల్లో పెట్టుకుంది. ఆవిడకి అందని పువ్వొక్కటే కాయయింది.

ఒకరోజు గవరయ్య ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో కూతురి చెయ్యి పట్టుకుని ఊడిపడ్డాడు.

"ఎక్కడ్రా ఆ ఆనపమ్మ? మా పిల్లని అడిగి, ఇంకోదాన్ని తెచ్చి పందిట్లో కూర్చోబెడతారా?"

"కూర్చోలేదు మావయ్యా, వేలాడుతోంది," అన్నాడు పైడన్న.

గవరయ్య చేతిలో కర్ర జారిపోయింది. పెరట్లోకి పరిగెత్తాడు. పందిరి మధ్యలో మూరెడు ఆనపకాయ, నున్నగా, బొద్దుగా, మెళ్ళో పూలదండతో వేలాడుతోంది. ముత్యాలు అది చూసి, పైడన్నని చూసి, నవ్వలేక నవ్వలేక నేల మీద కూలబడింది. పైడన్నకి ఆ నవ్వు చూస్తుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"అన్నం పెడతాను మావయ్యా. మా పెరటి కూరే," అన్నాడు.

ముత్యాలు లేచి కాయని గోటితో నొక్కి చూసింది. గోరు దిగలేదు. "ముదిరిపోయింది నాన్నా, కూరకి పనికిరాదు," అంది. పైడన్న మొహం వాడిపోవడం చూసి, "కానీ నాన్నా, వీళ్ళకి మోసం చెయ్యడం మాత్రం చేతకాదు," అని మెల్లగా అంది.

గవరయ్య కాయని తట్టి చూశాడు. "సరే. కాయ మంచి జాతిదే. దీన్ని విత్తనానికి వదిలెయ్యండి. ఆ విత్తనాలు నా చేతిలో పెట్టిన రోజున ముహూర్తం పెట్టుకుందాం."

"తప్పకుండా వదిలేస్తాం!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

తండ్రీకూతుళ్ళు అటు వెళ్ళారో లేదో, పైడన్న నిచ్చెన తెచ్చాడు. "పాపం, ఇన్నాళ్ళూ కట్టిపడేశాం దీన్ని," అని తొడిమ కోశాడు. సన్నెమ్మ దానికి స్నానం చేయించి, దారిలో ఆకలేస్తుందని పెరుగన్నం మూట కట్టింది. బండి కట్టుకుని ముగ్గురూ ఊరి చివర కొండ మీదికి తీసుకెళ్ళి దించారు.

"వెళ్ళు తల్లీ, విత్తనాలు తీసుకుని తొందరగా రా," అన్నాడు బుచ్చెయ్య.

ఆనపకాయ కదల్లేదు.

"మనం చూస్తుంటే సిగ్గుపడుతోంది. అటు తిరగండి," అంది సన్నెమ్మ. తిరుగుతూ తిరుగుతూ ఆవిడ కొంగు తగిలింది. అంతే, కాయ దడదడా దొర్లుకుంటూ కొండ దిగి తుప్పల్లో మాయమైంది.

"ఎంత హుషారో!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

ఇక బండెక్కి ఇంటికి బయల్దేరబోతుంటే పైడన్నకి దిగులు పట్టుకుంది. "అన్నయ్యా, వెళ్ళేటప్పుడంటే పల్లం, దొర్లింది. వచ్చేటప్పుడు విత్తనాల బరువుతో ఈ కొండ ఎలా ఎక్కుతుంది?"

బుచ్చెయ్య ఆలోచించాడు. నిజమే. బండి దిగాడు. ఎడ్ల మెడలు నిమిరి, "ఆనపమ్మ రాగానే ఎక్కించుకుని జాగ్రత్తగా ఇంటికి తీసుకురండి," అని వాటికి అప్పగింతలు పెట్టాడు. బండిని అక్కడే వదిలేసి, ముహూర్తం గురించి మాట్లాడుకుంటూ ముగ్గురూ నడిచి ఇంటికొచ్చేశారు.