నెట్ లేని గోల్

ఎవరైనా ప్రశ్న అడిగితే దమయంతి మేడం ముందు వాళ్ళ చేతిలో ఒక బంతి పెట్టేవారు. చేతిలో బంతి ఉన్న మనిషి ఎక్కువ వాగదని ఆవిడ సిద్ధాంతం. మా మహిళా కళాశాలలో ముప్ఫై ఏళ్ళు ఆటలు నేర్పి రిటైరయ్యారు. అయినా హ్యాండ్‌బాల్ జట్టు ఎక్కడికి వెళ్తే అక్కడ మడతకుర్చీతో సహా ప్రత్యక్షం. ఆవిడ స్థానంలో కోచ్‌గా వచ్చిన కెజియా ఒకప్పుడు ఆవిడ శిష్యురాలే. ఇప్పటికీ పెద్ద మేడం ముందు కుర్చీలో కూర్చోదు.

నేను కెమిస్ట్రీ చెప్పుకునేదాన్ని. ఆడపిల్లల జట్టు వెంట ఒక లేడీ లెక్చరర్ మేనేజరుగా వెళ్ళాలన్న నియమం పుణ్యమా అని ఆ ఏడు అంతర కళాశాలల పోటీలకు నన్ను తోలారు. జట్టుకి ఏడుగురు ఆడతారనీ, చేత్తో గోల్ వేస్తారనీ తప్ప ఆ ఆట గురించి నాకు ఓనమాలు రావు. కాబట్టి చూసింది చూసినట్టు చెబుతాను.

సెమీఫైనల్ ఒక్క గోల్ తేడాతో గట్టెక్కాం. మా కాలేజీ ఫైనల్ ముఖం చూసి పదకొండేళ్ళయింది. ఆ సాయంత్రం కెజియా మొహంలో సంతోషం లేదు సరికదా, పరీక్ష తప్పినదానిలా తిరుగుతోంది. ఇద్దరు గోల్‌కీపర్లలో రేపు ఎవరిని నిలబెట్టాలన్నది దాని బాధ. హిమజ పొడగరి, పట్నంలో శిక్షణ పొంది ఈ ఏడే మా కాలేజీలో చేరింది. ముత్యాలు మూడేళ్ళుగా మా గ్రౌండ్‌లో పడి లేచిన పిల్ల. దానికిది ఆఖరి ఏడు. రేపు బెంచీ మీద కూర్చుంటే దాని ఆట అక్కడితో సరి.

"గోల్‌కీపర్లో ఏం చూడాలి మేడం?" అని అడిగింది కెజియా.

పెద్ద మేడం దాని చేతిలో బంతి పెట్టారు. "ఇద్దర్నీ పిలువు. చెరో పది వెయ్యి. జాలి పడకు."

కెజియా వేసింది. అబ్బో, ఏం విసురు! హిమజ పదిలో ఆరు ఆపింది. గోల్ పడిన నాలుగుసార్లూ ఒకసారి చేతులు చూసుకుంది, ఒకసారి స్తంభాన్ని తన్నింది, ఒకసారి "ఎండ కళ్ళలో పడింది మేడం" అంది, ఆఖర్న నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ముత్యాలు నాలుగే ఆపింది. గోల్ పడిన ప్రతిసారీ బంతి నెట్‌లో కుదురుకునేలోపే వంగి తీసి కెజియా చేతుల్లోకి విసిరేసింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"ఏం చూశావు?" అన్నారు మేడం.

"హిమజ ఆరు, ముత్యాలు నాలుగు."

"లెక్కలు బాగానే వచ్చునే నీకు!" అని మేడం కుర్చీ మడిచి వెళ్ళిపోయారు.

"ఇదేం జవాబండీ, మీరే చెప్పండి" అని కెజియా నా మీద పడింది. ఆరు నాలుగుకంటే పెద్దదే కదా అన్నాను నేను. నా తెలివి అంతే.

ఫైనల్లో హిమజనే నిలబెట్టారు. అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ పిల్ల బాగా ఆడింది. కానీ గోల్ పడ్డప్పుడల్లా అది డిఫెన్స్ పిల్లల్ని కసరడం, వాళ్ళు తలలు దించుకోవడం, ఈలోపు ఎదుటి జట్టు నింపాదిగా వెనక్కి వెళ్ళి గోడ కట్టినట్టు నిలబడడం. విరామానికి పదమూడు, తొమ్మిది. మేము తొమ్మిది.

కెజియా పెద్ద మేడం వైపు చూసింది. ఆవిడ వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. కెజియా బెంచీ వైపు తిరిగి, "ముత్యాలూ, నువ్వెళ్ళు" అంది.

గోల్ పడ్డాక ఆట మధ్యగీత దగ్గర మొదలవుతుంది. ఎదుటివాళ్ళు తమ సగంలోకి చేరేదాకా ఆగక్కర్లేదట. ఆ సంగతి నాకు ఆవేళే తెలిసింది. ముత్యాలు పద్నాలుగు గోల్స్ ఇచ్చింది, హిమజకంటే ఒకటి ఎక్కువే. కానీ పడ్డ బంతి పడ్డట్టే మధ్యగీతకి వెళ్ళిపోయేది. తొమ్మిది వేసిన మా పిల్లలే రెండో సగంలో పద్దెనిమిది వేశారు. ఆఖరి అరనిమిషంలో ఎదుటి జట్టు ఒక గోల్ వేసి, గెలిచామనుకుని మా గోల్ ముందే కావలించుకుని గంతులేసింది. అయిపోయిందిరా దేవుడా అని నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బంతి అవతలి గోల్‌లో ఉంది, బెంచీ మీదినుంచి హిమజ గొంతు చించుకుని అరుస్తోంది. స్కోరు సమానం. తర్వాత అదనపు సమయంలో గెలిచాం గానీ, అది నాకు సరిగా గుర్తులేదు. నా కళ్ళనిండా నీళ్ళు.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?" అని కెజియా ముత్యాలుని వాటేసుకుంది.

"నేర్చుకోవడమేంటి మేడం? మొదట్లో మన గ్రౌండ్‌లో నెట్ ఎక్కడుంది? గోల్ పడితే బంతి తుమ్మకంపలోకి పోయేది. గోల్ ఇచ్చినోళ్ళే పోయి తేవాలని పెద్ద మేడం పెట్టిన రూలాయె. అందరికంటే ఎక్కువ నాకే పడేవి." మోచేతి మీద పాత ముళ్ళ గీతలు చూపించి నవ్వింది.

కెజియా నవ్వలేదు. ఆ గోల్‌కి నిరుడు నెట్ కట్టించింది తనే. ప్రిన్సిపాల్ గారు రిబ్బన్ కూడా కత్తిరించారు. కప్పు పక్కన పెట్టి పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఈసారి ప్రశ్నేమీ లేదు, అయినా ఆవిడ దాని చేతిలో బంతి పెట్టారు.

"ఊరెళ్ళగానే ఆ నెట్ విప్పించెయ్యి" అన్నారు. "హిమజకి ఇంకా రెండేళ్ళుంది."