దీవి వదిన ముక్కు

సాయంత్రం నాలుగయింది. వాన వెలిసింది కానీ మబ్బు విడలేదు. అలాంటి ఒక పూట, అనగనగా సముద్రపు ఒడ్డున ఉన్న ఒక అడవిలో, పొన్న చెట్టు పైకొమ్మ మీద, నూకాలు అనే బూడిదరంగు పిట్ట తన ముగ్గురు పిల్లల ఒళ్లు ఆరబెడుతోంది. పెద్దది అప్పి. నడిమివాడు నాగులు. చిన్నది బుడ్డి. పెద్దవాళ్లిద్దరికీ కాస్త ఎగరడం వచ్చింది. బుడ్డికి ఇంకా రాదు.

అప్పుడు నీటికాకి వచ్చి వాలింది. అటు కబురు ఇటు, ఇటు కబురు అటు మోసే రకం అది.

"నూకాలూ, నడిసముద్రంలో దీవి ఉందే, అక్కడ నీ చుట్టాలున్నారు, తెలుసా?"

"నాకక్కడ చుట్టాలెవరే?"

"మీ ముత్తవ్వల ముత్తవ్వల నాడు గాలివాన కొందరిని ఎత్తుకుపోయి అక్కడ పడేసిందట. వాళ్లు తిరిగి రాలేదు, ఇటువాళ్లు అటు పోలేదు. ఇప్పుడక్కడ పైడమ్మ ఉంది. నీకు వదిన వరస. అబ్బ, ఆమె ముక్కు చూడాలి! రాయిలాంటి గింజని పటుక్కున కొరుకుతుంది. పిల్లలైతే బంతుల్లా ఉన్నారు."

నూకాలు తన పిల్లల వంక చూసింది. సన్నటి ముక్కులు. పుల్లల్లాంటి కాళ్లు. ఆమెకు కడుపులో మంట పుట్టింది.

"మా పిల్లలకేం తక్కువ?" అంది.

"నేనేమన్నానమ్మా!" అని నీటికాకి ఎగిరిపోయింది.

మర్నాడు నూకాలు పురుగులు తేలేదు. గట్టి పెంకు గింజలు తెచ్చింది.

"అమ్మా, ఇది రాయి," అన్నాడు నాగులు.

"దీవి పిల్లలకి గింజ, నీకు రాయా? కొరుకు."

వాడు కొరకలేదు. అప్పి కొరికింది. దాని ముక్కు కొస విరిగింది. అది ఏడవలేదు. తల్లి ముఖం చూసి ఊరుకుంది.

కొన్నాళ్లకు నీటికాకి మళ్లీ వచ్చింది.

"మీ వదినకి చెట్టెక్కే పనే లేదే. నేలమీదే గూడు. ఇలా దిగి అలా మేస్తారు. అదీ బతుకంటే!"

ఆ పూటే నూకాలు పైన గూడు పీకి, చెట్టు మొదట్లో గడ్డిలో కట్టింది.

"అమ్మా, చీమలు," అంది బుడ్డి.

"అమ్మా, ముంగిస వస్తేనో?" అన్నాడు నాగులు.

"నోరు మూసుకో. వాళ్ల పిల్లలకి రాని ముంగిస మీకే వస్తుందా?"

మూడోసారి నీటికాకి నవ్వుతూ వచ్చింది.

"వాళ్లసలు ఎగరరే! రెక్కలు చూస్తే ఇంతే. తిన్నదంతా ఒంటికే పడుతోంది."

అప్పటికి బుడ్డి రెక్కలు విప్పి నిలబడి ఉంది. "అమ్మా, ఇవాళ ఎగరడం నేర్పుతానన్నావు."

"అక్కర్లేదు. కూర్చో. కాస్త ఒళ్లు చెయ్యి."

అయినా నూకాలుకు మంట చల్లారలేదు. "ఎంత బంతులో నా కళ్లతో చూసి వస్తాను. మీరు గూట్లోంచి కదలకండి," అని బయలుదేరింది. ఆ నీళ్లను వాళ్ల పిట్టలెవరూ దాటి ఎరగరు. ఆమెను అసూయ దాటించింది.

దీవిలో పైడమ్మ నేలమీద కూర్చుని గింజలు కొరుకుతోంది. లావుపాటి ముక్కు. పొట్టి రెక్కలు. మాట యాసగా ఉన్నా నూకాలుకు అర్థమైంది. పక్కనే బండ మీద ఎవరో గరగరమని అరుస్తున్నారు.

"ఎవరు వదినా, అలా తిడుతున్నారు?" అంది నూకాలు.

"తిట్టడమేంటి! మా ఆయన పాడుతున్నాడు. ఆ పాటకే నేను పడిపోయింది."

"మా వైపు అలా పాడితే ఒక్క ఆడపిట్టా వాలదు."

"మీ వాళ్ల ఈలకి ఇక్కడ ఎవరు వాలతారు వదినా? ఒక అవ్వ పిల్లలమే. ఇప్పుడు మీ జాతి వేరు, మా జాతి వేరు."

నూకాలు ఆ ముక్కు మీంచి చూపు తిప్పలేకపోయింది. "ఏం తినిపిస్తే వచ్చిందది? దాచకుండా చెప్పు."

పైడమ్మ గింజ కింద పెట్టింది.

"తినిపిస్తే రాలేదు. ఇక్కడ పురుగుల్లేవు. ఈ గింజలే. సన్న ముక్కువాళ్లు ఆకలితో పోయారు. కాస్త మందం ఉన్నవాళ్లు మిగిలారు. వాళ్ల పిల్లల్లోనూ మందంగా ఉన్నవాళ్లే మిగిలారు. అలా ఎన్ని తరాలు పోయాయో. దీన్ని చూసి కుళ్లుకుంటున్నావా? దీని వెనక ఎందరు పిల్లలు పోయారో ఎవరికి తెలుసు! నిజం చెప్పనా? నీ రెక్కలు చూసి నాకే కుళ్లుగా ఉంది."

నూకాలుకు ఆ మాట రుచించలేదు. "పోనీలే. పిల్లల్ని నేలమీద నిశ్చింతగా పెట్టుకుంటావు కదా. మరి ముంగిస వస్తే ఏం చేస్తావు?"

పైడమ్మ తల ఒక పక్కకు వంచింది.

"ముంగిస అంటే ఎవరు వదినా?"

ఈ దీవిలో ముంగిసే లేదని నూకాలుకు అప్పుడు తెలిసింది. వస్తానని కూడా అనకుండా రెక్కలు విప్పి సముద్రం మీద పడింది. ఎదురుగాలి వెనక్కి నెట్టింది. ఈకలు తడిసి బరువెక్కాయి. ఆగలేదు.

పొన్న చెట్టు మొదట్లో గడ్డి చెదిరి ఉంది. గూడు రెండు ముక్కలై ఉంది.

"అప్పీ! నాగులూ! బుడ్డీ!"

పైకొమ్మలోంచి సన్నగా, "అమ్మా," అని వినబడింది. అప్పి, నాగులు ఒకరినొకరు అదుముకుని కూర్చున్నారు.

"ముంగిస వచ్చిందమ్మా," అంది అప్పి. "బుడ్డిని ఎగరమని అరిచాం. అది రెక్కలు కొట్టింది. లేవలేదు."

నూకాలు పొదలన్నీ వెతికింది. పిలిచింది. మళ్లీ పిలిచింది. తర్వాత పైకొమ్మకు వచ్చి, ఉన్నవాళ్లను రెక్కల కిందికి తీసుకుని లెక్కపెట్టింది.

ఒకటి. రెండు.

మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

ఒకటి. రెండు.

నీతి: ఎవరి ఒంటిని వాళ్ల చోటు తయారుచేసింది. అసూయతో ఎదుటివాళ్ల బతుకు మన పిల్లలకు తొడగబోతే, వాళ్లకున్న రెక్కలు కూడా లేకుండా చేస్తాం.